సాయంత్రం ఏడింటి జిమ్: మానేసే ముందు ఒక మాట

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఉద్యోగానికని పెద్ద నగరానికి వచ్చారు, వయసు 29. ఆఫీసుకీ ఇంటికీ దారిలో కాకుండా కాస్త పక్కకున్న ఒక పెద్ద జిమ్‌లో ఏడాదికి డబ్బు కట్టేశారు. ఐదు వారాలైంది. సాయంత్రం ఏడింటికి వెళ్తే ఒక్క మెషీనూ ఖాళీ ఉండదు. అందరూ మిమ్మల్నే చూస్తున్నట్టుంటుంది. ట్రైనర్ పర్సనల్ ట్రైనింగ్ తీసుకోమని ప్రాణం తీస్తున్నాడు. కాళ్ల నొప్పులతో మెట్లు దిగలేకపోతున్నారు. మొదటి వారం ఐదు రోజులు వెళ్లినవారు పోయిన వారం ఒక్కరోజే వెళ్లారు. బరువు ఎంత ఎత్తాలో కూడా అడిగారు. మానేద్దామా అంటున్నారు.

పదహారేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నాను, మధ్యలో నాలుగేళ్లు ఫ్లోర్ ట్రైనర్‌గా కూడా చేశాను. అంటే మీ ప్రాణం తీస్తున్న ఆ మనిషి స్థానంలో నేనూ నిలబడ్డాను, ఆ సంగతి తర్వాత చెబుతాను. ఇన్నేళ్లలో బరువు మొయ్యలేక మానేసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లంతా బరువు దాకా చేరలేక మానేసినవాళ్లే. బ్యాగు సర్దుకోవడం, ట్రాఫిక్, బండి పెట్టుకోడానికి చోటు, లాకర్, మెషీన్ దగ్గర పడిగాపులు, స్నానం, మళ్లీ ట్రాఫిక్. మీరు రాసిందాంట్లో వ్యాయామం గురించిన ఫిర్యాదు ఒక్కటే ఉంది, కాళ్ల నొప్పి. తక్కినవన్నీ దాని చుట్టూ ఉన్న గొడవే.

రేపు వెళ్లినప్పుడు ఫోన్‌లో నాలుగు టైములు రాసుకోండి: ఆఫీసు కుర్చీలోంచి లేచింది, మొదటి సెట్ (ఆగకుండా వరసగా ఎత్తే ఒక విడత) మొదలెట్టింది, చివరి సెట్ ముగించింది, ఇంట్లో చెప్పులు విడిచింది. నేనోసారి రాసుకుంటే ఇలా తేలింది. 6.10కి లేచాను, 7.05కి మొదటి సెట్, 8.20కి చివరిది, 9.15కి ఇల్లు. మూడు గంటల ఐదు నిమిషాలు. అందులో బరువు నిజంగా నా చేతుల్లో ఉన్నదెంత? పద్దెనిమిది సెట్లు, సెట్‌కి 40 సెకన్లు అనుకున్నా 12 నిమిషాలు. పన్నెండు నిమిషాల పనికి పెళ్లివారంత హడావిడి. సెట్ల మధ్య ఆగడం ఎలాగూ తప్పదు, అది తీసెయ్యలేం. కానీ రెండు వైపులా ఉన్న ఆ 55 నిమిషాలున్నాయే, మనిషిని విరిచేది అవే.

అందుకే ముందుగా చెప్పాల్సిన మాట మీకు నచ్చకపోవచ్చు: మీరు జిమ్ ఎంచుకోవడంలోనే పొరబడ్డారు. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్‌రీకె మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు జిమ్‌లలో ఏడు వేల మందికి పైగా సభ్యుల హాజరు లెక్కలు చూసి 2006లో ఒక పత్రం ప్రచురించారు. నెలవారీ చందా కట్టేవాళ్లు సగటున నెలకి 4.3 సార్లే వెళ్తున్నారని తేలింది. అదే జిమ్‌లో పదిసార్లకి చెల్లే పాస్ ఉంది, అది కొనుక్కుని ఉంటే వాళ్లకి చాలా చవగ్గా పడేది. డబ్బు కట్టేటప్పుడు మనం రేపటి మనిషిని ఊహించుకుంటాం. వాడు తెల్లారగట్టే లేస్తాడు, వాడికి తలనొప్పి రాదు, వాడి మేనేజర్ సాయంత్రం ఆరింటికి మీటింగ్ పెట్టడు. కట్టిన డబ్బు వాడి పేరు మీద, వెళ్లాల్సింది మాత్రం మనం.

నా మటుకు జిమ్‌కి ఒకటే పరీక్ష. వాన పడుతున్న రోజున, ఆఫీసులో చీవాట్లు తిన్న రోజున కూడా కాళ్లు అటు తిరిగేంత దగ్గరలో ఉందా? ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగితే మరీ మంచిది. లోపల ఒక స్క్వాట్ ర్యాక్ (భుజాల మీద బరువుతో కూర్చుని లేవడానికి బార్ ఆనించే చట్రం), బార్, బెంచ్, ఒక కేబుల్ మెషీన్, వరసగా డంబెల్స్ ఉంటే మొదటి రెండేళ్లకి ఇంకేమీ అక్కర్లేదు. ఆవిరి గదులూ రంగు దీపాలూ ఉన్న చోట చేరినవాళ్లు వాటిని ఎన్నిసార్లు వాడారో అడగండి, నవ్వేస్తారు. ఇంకోటి, జిమ్ చూడటానికి మీరు సరిగ్గా ఏ టైముకి వెళ్లదలుచుకున్నారో ఆ టైముకే వెళ్లండి. పొద్దున పదకొండింటికి చూపిస్తే ఏ జిమ్మైనా గుడిలా ప్రశాంతంగా ఉంటుంది.

కట్టిన ఏడాది డబ్బు మాటేమిటంటారా? చాలా చోట్ల వేరేవాళ్ల పేరుకి మార్చడానికో, కొన్నాళ్లు ఆపి పెట్టడానికో వీలుంటుంది, సంతకం పెట్టిన కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి. కౌంటర్ దగ్గర నోటితో చెప్పింది నమ్మకండి, మెయిల్‌లో అడగండి. వీల్లేదంటే ఇక్కడే ఎలా నెగ్గుకురావాలో చెబుతాను.

రద్దీ సంగతి. ఎక్కడైనా ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఇదే తంతు. అందులోనూ సోమవారం మరీ ఘోరం, ఊరంతా కూడబలుక్కున్నట్టు సోమవారం అందరిదీ ఛాతీ రోజే, బెంచ్ దగ్గర క్యూ. ఆ రోజు కాళ్లు చేసుకోండి, ర్యాక్ ఖాళీగా దొరికే అవకాశం ఎక్కువ. ప్లాన్‌ని మెషీన్ల పేర్లతో రాసుకోవడం మానెయ్యండి. శరీరం చేసేవి నాలుగైదు పనులే: నెట్టడం, లాగడం, కూర్చుని లేవడం, నడుం దగ్గర వంగి బరువెత్తడం, మోసుకుని నడవడం. కాగితం మీద “లాట్ పుల్‌డౌన్” అని ఉంటే ఆ మెషీన్ మీద ఎవరో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నంతసేపూ మీరు స్తంభంలా నిలబడతారు. “లాగడం” అని ఉంటే పక్కనే డంబెల్ తీసుకుని బెంచ్ మీద ఒక చెయ్యి ఆనించి రో (డంబెల్‌ని నడుం వైపు లాగడం) చేసుకుంటారు, అంతే. ప్రతి పనికీ రెండు మూడు దారులు తెలిసుంటే చాలు. బాగా కిక్కిరిసిన రోజున నేను రెండు డంబెల్స్ తీసుకుని ఒక మూలకి పోతాను. ఆ రెండింటితోనే స్క్వాట్, ప్రెస్ (పైకి నెట్టడం), రో, వంగి ఎత్తడం అన్నీ చేసి 40 నిమిషాల్లో బయటపడతాను. గొప్ప వ్యాయామమేం కాదు, కానీ ఆ రోజు ఖాతాలో పడుతుంది.

అడగడం కూడా నేర్చుకోవాలి. “అన్నా, ఇంకెన్ని సెట్లు?” అంటే “మూడు” అంటాడు, మీరు వెళ్లిపోతారు, అతను మూడు చేసి ఇంకో రెండు చేస్తాడు. “మధ్యలో నేనూ చేసుకోనా?” అనండి. పదిమందిలో ఎనిమిదిమంది సరేనంటారు. అతను ఆగే రెండు మూడు నిమిషాల్లోనే మీ సెట్ అయిపోతుంది, మీరు ఆగినప్పుడు అతనిది. దీనివల్ల నష్టం లేకపోగా లాభమే. బరువులకి అలవాటుపడిన మగవాళ్ల మీద బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం చేసిన పరీక్ష ఒకటి 2016లో వచ్చింది. సెట్ల మధ్య ఒక నిమిషం ఆగినవాళ్లకంటే మూడు నిమిషాలు ఆగినవాళ్లకే బలమూ కండా ఎక్కువ పెరిగాయి. కాబట్టి వాళ్ల సెట్ అయ్యేదాకా నిలబడటం దండగ అనుకోకండి.

ఇక అందరూ చూస్తున్నారన్న బాధ. 2000లో టామ్ గిలోవిచ్, మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థుల మీద చేసిన పరీక్ష గురించి ఒక పత్రం వచ్చింది. వేసుకోడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు వేయించి, ఒకరొకరిని నలుగురున్న గదిలోకి పంపారు. గదిలో ఎంతమంది గమనించి ఉంటారని అడిగితే సగం మంది దాకా అన్నారు. నిజంగా గమనించింది నాలుగో వంతు. జిమ్‌లో ఆ నాలుగో వంతు కూడా ఉండదని నా అనుభవం. గోడ నిండా అద్దాలుంటే పక్కవాణ్ణి చూసే తీరిక ఎవరికుంటుంది?

నన్ను నిజంగానే అందరూ చూసిన రోజు ఒకటుంది, అది చెబితే మీ భయం కొంచెం తగ్గొచ్చు. మొదటి ఏడాది. బెంచ్ ప్రెస్ అయిపోయింది, బార్‌కి అటు రెండు ఇటు రెండు ఇరవై కిలోల ప్లేట్లు. స్టాండు పాతది, బార్ ఆనే రెండు కొమ్మల మధ్య దూరం తక్కువ. చెవిలో ఇయర్‌ఫోన్, ఎవరితోనో మాట్లాడుతున్నాను. ఎడమవైపు ఒక ప్లేటు తీసి ఆనించాను. రెండోది కూడా అటువైపుదే లాగాను. చేతిలోకి ప్లేటు వచ్చేసరికి బార్ కొన నా చెంప పక్కనుంచి పైకి లేచింది. అవతలి వైపున్న నలభై కిలోలూ నేల మీద పడ్డాయి, బార్ గిర్రున తిరిగి అద్దానికి తగిలింది. అద్దం సాలెగూడులా పగిలింది. పాట ఒక్కటే మోగుతోంది, మనుషులందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన వచ్చి, ఏమీ అనకుండా ప్లేట్లు ఏరి వాటి స్టాండుకి తగిలించి, వెళ్లబోతూ “అటొకటి, ఇటొకటి” అన్నారు. నాకు బార్‌బెల్ గురించి ఎవరైనా నేర్పిన పాఠాల్లో అంత చిన్నదీ అంత పనికొచ్చేదీ ఇంకోటి లేదు. మర్నాడు వెళ్లాలంటే కాళ్లు రాలేదు. వెళ్లాను. పగిలిన అద్దానికి టేపు అంటించి ఉంది. ఎవడు పగలగొట్టాడో నన్నే అడిగాడొకడు.

పదహారేళ్ల తర్వాత నేను పక్కవాళ్లలో గమనించేవి ఏమిటో కూడా చెప్పేస్తాను. తక్కువ బరువు ఎత్తేవాళ్లని గమనించను. డంబెల్ స్టాండుకి అడుగు దూరంలో నిలబడి అక్కడే చేతులు తిప్పేవాణ్ణి గమనిస్తాను, వాడి వెనక నలుగురు డంబెల్ తీసుకోలేక నిలబడి ఉంటారు. బెంచ్ మీద చెమట తుడవకుండా లేచినవాణ్ణి గమనిస్తాను. లెగ్ ప్రెస్‌కి ఎనిమిది ప్లేట్లు ఎక్కించి, నాలుగంగుళాలు కదిపి, ప్లేట్లు అలాగే వదిలి వెళ్లినవాణ్ణయితే జన్మలో మర్చిపోను. ఫోన్ స్టాండు పెట్టి వీడియో తీసుకునేవాళ్లతో నాకు పేచీ లేదు, ఫామ్ (చేసే తీరు) చూసుకోడానికి అది మంచిదే. కెమెరాలో పక్కవాళ్లు పడకుండా చూసుకుంటే చాలు.

కాళ్ల నొప్పి. మెట్లు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు ఎక్కువ ఉందన్నారు కదా, దాన్నిబట్టే తెలుస్తోంది. బరువుని కిందకి దించేటప్పుడు కండరం సాగుతూనే బిగిసి ఉండాలి. అలవాటు లేని కండరాన్ని ఎక్కువ నొప్పెట్టేది ఆ దించడమే, మెట్లు దిగేటప్పుడు తొడలు చేసే పనీ అదే. ఈ నొప్పి ఆ రోజు రాదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది, తర్వాత దానంతటదే పోతుంది. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని లాకర్ రూమ్ డాక్టర్లు చెబుతారు. వ్యాయామంలో పెరిగిన లాక్టేట్ గంటా అటూఇటూగా మామూలు స్థాయికి దిగిపోతుంది, మూడోరోజు నొప్పికి దాన్ని నిందించి లాభం లేదు. అదే వ్యాయామం వారం తర్వాత మళ్లీ చేస్తే సగం నొప్పి కూడా ఉండదు. మీకు ఐదు వారాలైనా తగ్గకపోవడానికి కారణం మీరే రాశారు: ఒక వారం ఐదు రోజులు, ఇంకో వారం ఒక్కరోజు. ప్రతిసారీ కొత్తగా చేరినట్టే అవుతోంది. ఒక్క హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోండి. విపరీతమైన నొప్పీ వాపూ వచ్చి, మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే అది మామూలు ఒళ్లునొప్పి కాదు. కండరం చితికి అందులోని పదార్థం కిడ్నీల మీద పడుతోందని అర్థం, దాన్ని రాబ్డోమయోలైసిస్ అంటారు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మొదటి రోజే పట్టుదలకి పోయి వందల కొద్దీ స్క్వాట్లు కొట్టేవాళ్లకి ఇది వస్తుంది.

బరువు ఎంత ఎత్తాలని అడిగారు. అంకెల్ని మరీ నమ్మకండి. పొడవైన బార్ మామూలుగా 20 కిలోలు, సన్నగా కాస్త పొట్టిగా ఉండేది 15. ఈ లెక్క మర్చిపోయి ప్లేట్లే కూడుకునేవాళ్లు చాలామంది. స్మిత్ మెషీన్ (బార్ పట్టాల మధ్య పైకీ కిందకీ కదిలేది) బార్‌కి వెనక ఎదురుబరువు కట్టి ఉంటే అది ఇంకా తేలిక. ఒక కేబుల్ మెషీన్ మీద ఉన్న 30, ఇంకో మెషీన్ మీద ఉన్న 30 ఒకటి కావు, కప్పీలు ఎలా అమర్చారన్నదాన్ని బట్టి చేతికి సగమే తగలొచ్చు. కాబట్టి జిమ్ మారిన రోజున “బలం తగ్గిపోయింది” అని దిగులుపడొద్దు. నా కొలత ఇది: సెట్ ఆపేసరికి ఇంకో రెండు మాత్రమే చక్కగా చేయగలను అనిపించాలి. ఆ బరువుతో పది చేయగలిగి, వచ్చే వారం పన్నెండు వస్తే, కాస్త పెంచండి. 1940లలో థామస్ డెలార్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు గాయపడిన సైనికుల కాళ్లకి బలం తెప్పించడానికి పదేసి రెప్‌ల (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్) సెట్లతో, క్రమంగా బరువు పెంచుతూ చేయించింది ఇదే పని. ఇప్పటికీ అంతకంటే పెద్ద రహస్యమేం బయటపడలేదు. మొదటి వారాల్లో బరువు చకచకా పెరుగుతుంది, అద్దంలో మాత్రం ఏమీ కనబడదు. అప్పుడు పెరిగే బలం చాలావరకు నరాలది, ఉన్న కండనే ఒళ్లు బాగా వాడుకోవడం నేర్చుకుంటోంది. కండ కనబడటానికి నెలలు పడుతుంది. చాలామంది సరిగ్గా ఈ మధ్యకాలంలోనే జారుకుంటారు.

ఇప్పుడు ట్రైనర్. నేను పనిచేసిన చోట జీతం నామమాత్రం, కమిషన్ మీదే బతుకు. నెలాఖరుకి టార్గెట్ కాకపోతే మేనేజర్ గదిలోకి పిలిచేవాడు. కొత్తగా చేరినవాళ్ల పేర్ల పక్కన “వేడి” (కొనేలా ఉన్నవాళ్లు), “చల్లన” (కొనరనిపించేవాళ్లు) అని రాసిన జాబితా ఉండేది. “అలా చేస్తే నడుం పోతుంది” అని భయపెట్టి అమ్మడం ఆ జాబితాతోపాటే నేర్పారు. నేనూ అన్నాను ఆ మాట, ఒకరిద్దరితో కాదు. అందుకే మీ ట్రైనర్ మీద నాకు కోపం రావట్లేదు, కానీ మీరు మొహమాటపడక్కర్లేదు. “ఆరు నెలల దాకా తీసుకోను, అప్పుడు నేనే వచ్చి అడుగుతాను” అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. “చూద్దాం” అన్నారంటే “వేడి” జాబితాలోకి ఎక్కినట్టే. డబ్బుంటే నాలుగైదు సెషన్లు మాత్రం కొనుక్కుని స్క్వాట్, వంగి బరువెత్తడం, ప్రెస్ ఈ మూడింటి ఫామ్ నేర్చుకోవడం తెలివైన ఖర్చు. పక్కన నిలబడి అంకెలు లెక్కపెట్టించుకోడానికి ఏడాది ప్యాకేజీ దండగ. ప్రొటీన్ పౌడర్ డబ్బాలదీ అదే కథ. 2018లో 49 పరీక్షల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణలో, రోజుకి శరీర బరువులో కిలోకి సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ దాటాక కండ పెరగడంలో అదనపు లాభం కనబడలేదు. మీ మామూలు తిండిలో అంత వస్తుంటే డబ్బా అక్కర్లేదు, రాకపోతే అదీ తిండిలాంటిదే, మంత్రం కాదు.

ట్రెడ్‌మిల్ గురించి ఎక్కువ చెప్పను, నాకది విసుగు. 1818లో ఇంగ్లండులో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు జైల్లో ఖైదీల చేత తొక్కించడానికి చేసిన చక్రానికి ఆ పేరుండేది, నాకెందుకో ఆ గుణం ఇంకా పోలేదనిపిస్తుంది. గుండెకి మాత్రం ఏదో ఒకటి చెయ్యాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో చేసే శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకి పని. చురుకైన నడక కూడా లెక్కలోకి వస్తుంది. అంటే జిమ్‌లోపల చెయ్యక తప్పనిది వారానికి రెండు రోజులే, మిగతాది వీధిలో ఉచితంగా అవుతుంది. ట్రెడ్‌మిల్లే ఎక్కితే ముందున్న కడ్డీ పట్టుకుని వేలాడకండి, స్క్రీన్ మీద అంకె పెరుగుతుంది తప్ప కాళ్లు చేసే పని తగ్గిపోతుంది.

మీకు నేను చెప్పే ఏర్పాటు ఇది. వారానికి రెండే రోజులు. ఒకటి వారం మధ్యలో, రాత్రి ఎనిమిదిన్నర దాటాక. ఇంటికెళ్లి, కాస్త తిని వెళ్లండి, ఆఫీసు నుంచి నేరుగా వద్దు. రెండోది శనివారం పొద్దున. రెండు రోజులూ ఒళ్లంతా పడేలా ఐదు పనులు, ఒక్కోటి మూడు సెట్లు. గంటలోపు బయట ఉండాలి. మూడో రోజు వెళ్లాలనిపించినా మొదటి రెండు నెలలూ వెళ్లకండి, ఆ ఉత్సాహమే మొదటి వారం మిమ్మల్ని దెబ్బతీసింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పెట్టుకుని, ఒక కొత్త పని అలవాటుగా మారడానికి ఎన్నాళ్లు పడుతుందో కొలిచారు. 66 రోజులు అన్న అంకె అందరూ చెబుతారు. ఆ అంకె వెనక ఉన్న తేడా ఎవరూ చెప్పరు: కొందరికి 18 రోజులు, కొందరికి 254 దాకా. వాళ్లు చూసింది రోజూ చేసే చిన్నచిన్న పనుల్ని, జిమ్ అంతకంటే మొండిది. ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటుకి పెద్ద దెబ్బేం తగల్లేదని కూడా అందులోనే తేలింది.

టవల్ రెండు తెచ్చుకోండి, బెంచ్ మీదకొకటి, ముఖానికొకటి, కలపొద్దు. స్నానాల గదిలో చెప్పులు విడవకండి, తడి నేల మీద వచ్చే ఫంగస్‌కి మందు నెల రోజులు రాసుకోవాల్సి వస్తుంది. లాకర్‌కి తాళం మీరే తెచ్చుకోండి.

ఒకే టైముకి వెళ్తుంటే ఇంకోటి జరుగుతుంది, ఇది ఏ బ్రోచర్‌లోనూ ఉండదు. నాకు ఆరేళ్లుగా తెలిసిన మనిషి ఒకతనున్నాడు, పేరు తెలియదు. తల ఊపుకుంటాం, ర్యాక్ పంచుకుంటాం, అంతే. మణికట్టు బెణికి మూడు వారాలు వెళ్లలేదు నేను. తిరిగొచ్చిన రోజు ప్లేటు ఎక్కిస్తూ “కనబడలేదే?” అన్నాడు. చెయ్యి చూపించాను. నా వైపు ప్లేటు కూడా తనే ఎక్కించాడు. ఇంత పెద్ద ఊళ్లో నేను లేనని గమనించింది అతనొక్కడే.

మానెయ్యడం గురించి ఇప్పుడే తేల్చకండి. ఈ శనివారం పొద్దున ఏడింటికి వెళ్లి, స్క్వాట్ ర్యాక్ దగ్గర ఎంతమంది ఉన్నారో చూసి ఇక్కడే రాయండి. ఒకరుంటే “మధ్యలో నేనూ చేసుకోనా?” అని అడిగాక రాయండి.